త్రీడీలో ఇల్లు లేపేముందు పొడుగు గీత పట్టుకోండి

ఇంటి ప్లాన్ బొమ్మను స్కెచప్ అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తేగానే గోడలు గీయడం మొదలుపెట్టకండి. ముందు కొలత కుదర్చాలి. టేప్ మెజర్ టూల్‌తో, కొలత రాసున్న గీతకు రెండు చివర్లా క్లిక్ చేసి, అసలు పొడవు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. సైజు మార్చాలా అని అడుగుతుంది, మార్చమనండి.

ఆ గీత ఎంత పొడుగుంటే అంత మేలు. నల్లగొండలో మా బామ్మర్దిది 150 గజాల ప్లాటు, 30 బై 45. నేను తెలివిగా 3 అడుగుల తలుపు పట్టుకుని కొలత కుదిర్చిన. క్లిక్ ఒక్క అంగుళం బయటికి పడ్డది. 45 అడుగుల సైడుకు వచ్చేసరికి దాదాపు 15 అంగుళాలు మాయం! మెట్ల కింద బాత్రూం ఎందుకు పడతలేదో తెల్వక ఒక రాత్రంతా కూసున్న. ప్లాటు హద్దు గీత పట్టుకుంటే అదే అంగుళం పొరపాటు అంగుళంగానే ఉండేది.

ఫోన్‌తో ప్లాన్ ఫొటో తీయొద్దు, అంచులు వంకరపోతాయి. జిరాక్స్ షాపులో స్కాన్ చేయించండి.

గది కొలత లోపలి గోడ నుంచి లోపలి గోడకా, ఇటుక మందం కలిపా అన్నది ఇంజనీరును ముందే అడగండి. మావాడి ప్లాన్‌లో బయటి గోడ 9 అంగుళాలు, లోపలిది నాలుగున్నర.