స్టార్టప్‌లో నొప్పి ఒకచోట, జబ్బు ఇంకోచోట

స్టార్టప్ పెట్టిన కుర్రాళ్లు నా దగ్గరికి వస్తే ముందు ఫండింగ్ రాలేదనో, మంచి మనుషులు దొరకడం లేదనో మొదలుపెడతారు. రెండో టీ అయ్యేసరికి అసలు సంగతి బయటపడుతుంది: ఎవరినో ఏదో అడగాల్సిన చోట మొహమాటపడ్డారు. నేనూ అంతే. హైదరాబాద్‌లో రైస్ మిల్లుల కోసం సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ నడుపుతూ, కింద రాసిన తప్పుల్లో ఒక్కటి తప్ప అన్నీ చేశాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. ఇక్కడ రాయలేను గానీ, మీకు తెలుసు.

సమస్య: అందరూ బాగుందంటున్నారు, ఎవరూ కొనడం లేదు

మనవాళ్లు ముఖం మీద వద్దనరు. మిర్యాలగూడలో ఒక మిల్లు యజమాని డెమో అంతా ఓపిగ్గా చూసి, మజ్జిగ ఇప్పించి, "బాగుంది బాబూ, చూద్దాం" అన్నారు. నేను ఆ "చూద్దాం"ను ఆర్డర్ కింద లెక్కేసుకున్నాను. డబ్బు మాట ఎత్తడానికి నోరు రాక మూడు నెలలు ఉచితంగా వాడుకోమన్నాను. వాడలేదు.

ఎందుకో తెలుసుకుందామని ఒక రోజంతా ఆ మిల్లు కాటా దగ్గర కూర్చున్నాను. ధాన్యం లారీ వస్తుంది, తూకం చీటీ వస్తుంది. గుమస్తా బరువు, తేమ శాతం, తరుగు చేతి పుస్తకంలో రాసుకుంటాడు. కంప్యూటర్ ఉన్నది అవతల ఆఫీసు గదిలో. రాత్రి లారీలన్నీ వెళ్లాక అవే అంకెలు మళ్లీ మా సాఫ్ట్‌వేర్‌లో కొట్టాలి. అంటే మేం అతని పని తగ్గించలేదు, రెట్టింపు చేశాం. ఆ మాట అతను యజమానికి చెప్పడు, యజమాని నాకు చెప్పరు.

పరిష్కారం రెండు పనులు. ఒకటి, సరుకు వాడేది ఎవరో ఆ మనిషి పక్కన కనీసం ఒక రోజు కూర్చోవడం. మేం ఆ తర్వాతే కాటా దగ్గర ఫోన్‌లో కొట్టేలా మార్చాం. రెండు, మొదటి రోజే ఐదు వేలైనా అడ్వాన్స్ అడగడం. ఇవ్వనంటే ఎందుకో చెబుతారు, ఆ కారణమే మీకు కావాల్సింది.

2006లో ఫణీంద్ర సామ, ఆయన స్నేహితులు రెడ్‌బస్ మొదలుపెట్టినప్పుడు ముందు అనుకున్నది బస్సు ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ ఇవ్వాలని. ఆపరేటర్లకు అది అక్కర్లేకపోయింది. సీట్లు అమ్మిపెడతామంటే మాత్రం ఒప్పుకున్నారు. అలా టికెట్ల వ్యాపారమైంది, 2013లో ఐబిబో గ్రూప్ దాన్ని కొనుక్కుంది.

సమస్య: అమ్మకాలు బాగున్నాయి, జీతాలకు డబ్బు లేదు

ఎక్కువ కంపెనీలు ప్రాణం మీదకు తెచ్చుకునేది ఇక్కడే. లాభనష్టాల కాగితం చూస్తే లాభం ఉంటుంది, బ్యాంకులో ఉండదు.

లెక్క చూడండి. జూన్‌లో ఒక పెద్ద కంపెనీకి 5 లక్షల బిల్లు వేశారు. 18 శాతం జీఎస్టీ కలిపి 5.90 లక్షలు. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లయితే ఆ 90 వేలు జులై 20 లోపు ప్రభుత్వానికి కట్టేయాలి, మీకు డబ్బు వచ్చినా రాకపోయినా. సాఫ్ట్‌వేర్ కంపెనీకి పెద్ద ఖర్చు జీతాలే. వాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద మనం కట్టిన జీఎస్టీని కట్టాల్సిన దాంట్లో తీసేసుకోవడం) రాదు కాబట్టి తగ్గించుకునేది కూడా కొంచెమే. కొన్నవాళ్లేమో నాలుగో నెలలో, అదీ టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. ఆర్డర్లు పెరిగేకొద్దీ మీ జేబు నుంచి పోయేది పెరుగుతుంది.

ముందు చిన్న కారణం వెతకండి. మా బిల్లొకటి రెండు నెలలపాటు కదల్లేదు. గట్టిగా అడిగితే బాగుండదని ఊరుకున్నాం. చివరికి వాళ్ల అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్తే తేలింది: బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్ వేయలేదు. పక్కన పెట్టేశారు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. అప్పటి నుంచి బిల్లు పంపిన మూడో రోజే ఫోన్ చేసి "అందిందా, అన్నీ సరిగ్గా ఉన్నాయా, ఏ తారీఖు పేమెంట్‌లో పెడుతున్నారు" అని అడుగుతాం. మేనేజర్‌ను కాదు, బిల్లు ఎంట్రీ చేసే మనిషిని.

తర్వాత చట్టం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి. అది ఉచితం, ఏజెంట్లకు డబ్బు ఇవ్వకండి. ఆ నంబర్ ప్రతి బిల్లు మీదా వేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఈ వడ్డీకి పెద్ద కంపెనీలు పెద్దగా భయపడవు గానీ, 2023 బడ్జెట్‌లో వచ్చిన మార్పు మాత్రం పనిచేస్తోంది. ఆ గడువు దాటి మీకు బాకీ ఉంటే, డబ్బు నిజంగా కట్టిన సంవత్సరంలోనే వాళ్లు దాన్ని ఆదాయపన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవాలి. అందుకే మార్చి వచ్చేసరికి వాళ్ల ఆడిటరే వాళ్లను తొందరపెడతారు. సరుకు కొని అమ్మే ట్రేడర్లకు ఇది వర్తించదు.

ఇలా ఆలస్యమైన బాకీల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా చేయొచ్చు. చేస్తే ఆ కస్టమర్‌తో బంధం తెగినట్టే అనుకుని చేయండి.

వీటన్నిటికంటే మేలైంది, పని మొదలుపెట్టే ముందే సగం తీసుకోవడం. అలాగే ప్రతి సోమవారం బ్యాంకులో ఉన్నదాన్ని నెల ఖర్చుతో భాగించి ఎన్ని నెలలు బతుకుతామో ఒక చీటీ మీద రాసుకోండి. ఆ అంకె ఆరుకు దిగిన రోజు నుంచే టెన్షన్ పడాలి. రెండుకు దిగాక పడినా లాభం లేదు.

సమస్య: పార్ట్‌నర్ ఫోన్ ఎత్తడం లేదు

ఇంజనీరింగ్‌లో ఒకే రూమ్. సగం సగం వాటా. ఒకడు ఉద్యోగం మానేసి ఇక్కడ దిగాడు, రెండోవాడు "ఆరు నెలల్లో వచ్చేస్తాను రా" అని డల్లాస్‌లో ఉండిపోయాడు. మూడేళ్లయింది. వాడిది చెడ్డబుద్ధి అనలేం. అక్కడ పిల్లలు, ఇంటి లోను. కానీ సగం షేర్లు వాడి పేరు మీదే ఉన్నాయి. పని చేయనివాడి దగ్గర సగం వాటా ఉందంటే ఏ ఇన్వెస్టరూ ముందుకు రాడు.

కొత్తగా పెట్టేవాళ్లయితే వెస్టింగ్ రాసుకోండి: షేర్లు నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా సొంతమవుతాయి, మొదటి ఏడాది లోపు వెళ్లిపోతే ఏమీ రాదు. ఇప్పటికే పంచేసుకున్నవాళ్లు కంపెనీకి విలువ తక్కువగా ఉన్నప్పుడే కూర్చుని మాట్లాడుకుని వాటా సర్దుకోండి. విలువ పెరిగాక స్నేహితుడు ఒప్పుకున్నా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. అతను విదేశంలో ఉంటే షేర్ల బదిలీకి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు కూడా వర్తిస్తాయి, సీఏ లేకుండా కాగితాల మీద సంతకాలు పెట్టకండి.

సమస్య: ఇన్వెస్టర్ వద్దనడు, డబ్బూ ఇవ్వడు

ఇది మిల్లు యజమాని "చూద్దాం" లాంటిదే, కాకపోతే ఏసీ గదిలో. "నెలకు ఎంత అమ్మకం చూపిస్తే మీరు పెట్టుబడి పెడతారు?" అని సూటిగా అడగండి. అంకె చెప్పకపోతే మూడో మీటింగ్‌కు వెళ్లకండి, ఆ పూట ఇంకో కస్టమర్‌ను కలవండి.

సమస్య: వ్యాపారమే లేదు, అయినా వేలల్లో ఫైన్

ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి పక్కన పడేసినవాళ్లకు వచ్చే జబ్బు. పెట్టుబడి డబ్బు అందిందని చెప్పే ఫారం కంపెనీ నమోదైన 180 రోజుల్లో వేయాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 30 రోజుల్లో లెక్కల ఫారం, 60 రోజుల్లో వార్షిక రిటర్న్. ఈ చివరి రెండూ ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. రెండూ ఏడాది ఆలస్యమైతే 73 వేలు. వరుసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. ఆలోచన ఇంకా తేలనివాళ్లు సొంత పేరు మీదో, భాగస్వామ్యంగానో మొదలుపెట్టి తర్వాత మార్చుకోవచ్చు.

నేను చేయని తప్పు ఈ ఒక్కటే. గొప్ప నాది కాదు. ఏటా ఆగస్టు చివర్లో మా ఆడిటర్ గారు ఫోన్ చేసి, కాగితాలు ఇచ్చేదాకా రోజూ తిడతారు. ఆయనకు మొహమాటం లేదు.