కమొడోర్ 64 డెమోలో పాట తడబడితే, తెర వణికితే: సమస్య - పరిష్కారం

1980ల నాటి హోమ్ కంప్యూటర్ కమొడోర్ 64 మీద సరదాగా డెమోలు (పాట, కదిలే బొమ్మలు కలిపి చూపించే చిన్న ప్రోగ్రాంలు) చేసేవాళ్లలో చాలామంది పాట తామే కడతారు, కోడూ తామే రాస్తారు. ఏదైనా చెడినప్పుడు తప్పు ఎక్కడుందో తెలియక తికమక పడేదీ అందుకే. పాట బాగాలేదని ట్రాకర్ (పాట కట్టే ప్రోగ్రాం) తెరుస్తాం, తీరా చూస్తే తప్పు ఇంటరప్ట్‌లో (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వేరే కోడ్ నడిపించే సంకేతంలో) ఉంటుంది. కోడ్ బాగాలేదని గంటలకొద్దీ వెతుకుతాం, కారణం చూస్తే పాట నడిపే ప్లేయర్ రొటీన్ ఎక్కువ సమయం తినేయడం. ప్రాసెసర్, విక్-2 వీడియో చిప్, సిడ్ సౌండ్ చిప్ మూడూ ఇక్కడ ఒకే గడియారానికి కట్టుబడి నడుస్తాయి. అందుకే కింద ఉన్న సమస్యల్లో సగానికి పైగా టైమింగ్ దగ్గరే తేలతాయి.

మెమరీ అడ్రస్‌లన్నీ డెసిమల్‌లో ఇస్తున్నాను. విడిగా చెప్పకపోతే పాల్ (యూరప్ టీవీ పద్ధతి) మెషీన్ అనుకోండి: సెకనుకు 985248 సైకిళ్లు, లైనుకు 63, ఫ్రేముకు 312 లైన్లు. అంటే ఒక ఫ్రేములో మీకు దొరికేది 19656 సైకిళ్లు.

ముందు మీటర్ పెట్టుకోండి

ఏ సమస్య వచ్చినా మొదట చేయాల్సిన పని ఇది. బోర్డర్ రంగు 53280లో ఉంటుంది. ప్లేయర్‌ని పిలిచే చోట ఐఎన్‌సీ 53280 (రంగు ఒకటి పెంచు), జేఎస్ఆర్ 4099 (ప్లేయర్‌ని పిలువు), డీఈసీ 53280 (రంగు తిరిగి తగ్గించు) అని వరసగా మూడు లైన్లు రాయండి. బోర్డర్‌లో వేరే రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఆ పట్టీ ఎంత ఎత్తుంటే ప్లేయర్ అంత సమయం తీసుకుంటున్నట్టు. 24 లైన్ల ఎత్తుంటే దాదాపు 1500 సైకిళ్లు. కొలిచేటప్పుడు పట్టీ తెర కింది బోర్డర్‌లో పడేలా చూసుకోండి. బొమ్మ ఉండే భాగంలో విక్-2 ప్రాసెసర్ నుంచి సైకిళ్లు లాక్కుంటుంది కాబట్టి అక్కడ పట్టీ ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది.

పాట నడుస్తున్నంతసేపూ ఆ పట్టీనే చూడండి. చాలా ఫ్రేముల్లో చిన్నగా ఉండి, కొత్త నోట్లు మొదలయ్యే ఫ్రేములో ఒక్కసారిగా కిందికి సాగుతుంది. మీరు లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ సాగిన ఎత్తునే, సగటును కాదు.

పాట పరుగెడుతోంది

శ్రుతి సరిగ్గానే ఉండి వేగం మాత్రమే రెట్టింపైనట్టు వినిపిస్తే, ప్లేయర్‌ని రెండు చోట్ల నుంచి పిలుస్తున్నట్టే. మెషీన్ ఆన్ కాగానే కెర్నల్ (మెషీన్‌లోని సిస్టమ్ ప్రోగ్రాం) సియా అనే చిప్‌లోని ఒక టైమర్‌ని సెకనుకు దాదాపు 60 సార్లు ఇంటరప్ట్ ఇచ్చేలా పెడుతుంది. మీరు 788, 789లో మీ రొటీన్ అడ్రస్ పెట్టి రాస్టర్ ఇంటరప్ట్ (తెర గీయడం ఒక లైనుకి చేరగానే వచ్చేది) ఆన్ చేశారు గానీ టైమర్‌ని ఆపలేదు. రెండూ వచ్చి మీ రొటీన్‌లోనే పడతాయి, ప్లేయర్ సెకనుకు 110 సార్లు నడుస్తుంది.

పరిష్కారం: ఇంటరప్ట్‌లు మూసి, 56333లో 127 రాసి, అప్పటికే వచ్చి ఆగి ఉన్నది పోయేందుకు అదే అడ్రస్‌ని ఒకసారి చదవండి. ఆ తర్వాత 53274లో 1, 53266లో లైన్ నంబర్ పెట్టండి. లైన్ నంబర్ తొమ్మిదో బిట్ 53265లో పై బిట్‌గా ఉంటుందని మరిచిపోవద్దు. అది 1గా మిగిలిపోతే 100వ లైన్ అడిగినా చిప్ 356వ లైన్ కోసం చూస్తుంది. అలాంటి లైనే లేదు కాబట్టి ఇంటరప్ట్ ఎప్పటికీ రాదు, పాట మొదలే కాదు.

పాట అరుపులా పరుగెత్తి, మెయిన్ ప్రోగ్రాం అంగుళం కూడా కదలకపోతే మీరు ఇంటరప్ట్ అందిందని చిప్‌కి చెప్పడం లేదు. 53273లో 1 రాయాలి. ఇక్కడ 1 రాస్తేనే ఆ బిట్ తుడిచిపెట్టుకుపోతుంది, 0 రాస్తే ఏమీ జరగదు.

వేగంతో పాటు శ్రుతి కూడా కొద్దిగా పెరిగితే పాల్ కోసం కట్టిన పాటను ఎన్టీఎస్సీ (అమెరికా టీవీ పద్ధతి) మెషీన్‌లో వింటున్నారు. అక్కడ గడియారం 1022727 హెర్ట్జ్, అంటే శ్రుతి 3.8 శాతం పైకి పోతుంది, అర స్వరానికి సగం కన్నా ఎక్కువే. ఫ్రేములు 50కి బదులు దాదాపు 60. రాస్టర్ ఎంత కిందికి వెళ్తోందో మొదట్లో చూసుకుంటే ఏ మెషీనో తెలిసిపోతుంది: పాల్‌లో 311వ లైన్ దాకా, ఎన్టీఎస్సీలో సాధారణంగా 262 దాకా. వేగం సరిచేయడానికి ప్రతి ఆరో పిలుపును వదిలేయండి. శ్రుతికి విడిగా ఇంకో ఫ్రీక్వెన్సీ టేబుల్ కావాలి: 440 హెర్ట్జ్‌కి పాల్‌లో 7493, ఎన్టీఎస్సీలో 7218.

కొన్ని నోట్లు మింగేస్తోంది, కొన్ని ఆలస్యంగా మొదలవుతున్నాయి

కొత్తవాళ్లని ఎక్కువ ఏడిపించేది ఇదే. ట్రాకర్‌లో నోటు ఉంటుంది, తెర మీద వరస కదులుతుంది, చెవికి మాత్రం వినపడదు. పాట మళ్లీ మొదటినుంచి పెడితే ఈసారి అదే నోటు పలుకుతుంది, ఇంకోటి పోతుంది. ఇలా చోటు మారుతూ ఉంటే కారణం సిడ్ లోపలి ఎన్వలప్ (నోటు శబ్దం ఎలా పెరిగి తగ్గాలో నిర్ణయించేది) కౌంటర్.

ప్రతి గొంతుకూ (సిడ్ విడిగా పలికించే ఒక్కో స్వరానికీ) చిప్‌లో 15 బిట్‌ల కౌంటర్ ఒకటి ఉంటుంది. అటాక్ (శబ్దం పెరగడం), డికే (తర్వాత కొంత తగ్గడం), రిలీజ్ (చివర ఆగిపోవడం)లకు మీరిచ్చే 0 నుంచి 15 దాకా విలువల్లో ఒక్కోదానికి ఒక్కో హద్దు ఉంటుంది: 0కి 9 సైకిళ్లు, 15కి 31251. కౌంటర్ సరిగ్గా హద్దుతో సమానమైనప్పుడే ఎన్వలప్ ఒక మెట్టు కదిలి, కౌంటర్ సున్నాకి వస్తుంది. తిరకాసు ‘సరిగ్గా సమానం’ అన్న దగ్గరే ఉంది. పాత నోటు నెమ్మదైన రిలీజ్‌లో ఉండి కౌంటర్ 5000 దాకా వచ్చిందనుకోండి. అప్పుడే మీరు అటాక్ 0తో కొత్త నోటు మొదలుపెట్టారు. హద్దు 9కి తగ్గింది, కౌంటర్ దాన్ని ఎప్పుడో దాటేసింది. ఇక 32767 దాకా వెళ్లి తిరిగి సున్నా నుంచి వస్తే గానీ 9 తగలదు. దానికి అత్యధికంగా 33 మిల్లీసెకన్లు, అంటే ఒకటిన్నర ఫ్రేముకు పైనే పడుతుంది. చిన్న డ్రమ్ శబ్దమైతే ఈలోపే అయిపోతుంది.

దీనికి మందు హార్డ్ రీస్టార్ట్. కొత్త నోటుకి రెండు ఫ్రేముల ముందే గేట్ బిట్ (నోటును మొదలుపెట్టి, ఆపే బిట్) తీసేసి, ఎన్వలప్ రిజిస్టర్లు రెండింటిలోనూ 0 రాయండి. రిలీజ్ 0 కాబట్టి కౌంటర్ ఎక్కడున్నా 33 మిల్లీసెకన్లలోపు చుట్టు తిరిగి వచ్చి 9 లోపలే తిరుగుతూ ఉంటుంది. రెండు ఫ్రేములంటే 40 మిల్లీసెకన్లు, సరిపోతుంది. తర్వాత ముందు కొత్త ఎన్వలప్ విలువలు, ఆ వెనకే గేట్. గోట్‌ట్రాకర్‌లాంటి ట్రాకర్లలో ఇన్‌స్ట్రుమెంట్‌కి ఉండే గేట్ టైమర్ ఈ పనే చేస్తుంది. దాని విలువ మామూలుగా 2 ఎందుకుంటుందో పై లెక్కే చెబుతోంది.

ఇందులో నష్టం కూడా ఉంది. ప్రతి నోటు తోకా రెండు ఫ్రేములు తెగిపోతుంది. డ్రమ్, బేస్‌లకు తప్పకుండా పెట్టండి. మెలోడీని ఒకదానిలోంచి ఒకటి జారేలా కట్టుకుంటే హార్డ్ రీస్టార్ట్ ఆపేసి, గేట్ మూయకుండా ఫ్రీక్వెన్సీ మాత్రమే మార్చండి. ఏ గొంతుకి ఏది నప్పుతుందో చెవితోనే తేల్చుకోవాలి, అన్నిటికీ ఒకే సెట్టింగ్ పెట్టేస్తే పాటలో ప్రాణం పోతుంది.

ఫేడ్ అవుట్ మొదలవగానే బేస్ మాయం

ఫేడ్ చేసే కోడ్ 54296లో 15, 14, 13 అని రాసుకుంటూ పోతోంది. ఆ రిజిస్టర్‌లో కింది నాలుగు బిట్‌లు మాత్రమే వాల్యూమ్. పై బిట్‌లలో ఫిల్టర్ మోడ్ ఉంటుంది, అది తుడిచిపెట్టుకుపోయింది. ఫిల్టర్‌లోకి పంపిన గొంతుకు బయటికి దారి లేక మూగబోయింది. పాత విలువ చదివి కలుపుదామంటే కుదరదు, సిడ్‌లో ఈ రిజిస్టర్లు రాయడానికే తప్ప చదవడానికి కావు. ఫిల్టర్ మోడ్‌ని మెమరీలో ఒక బైట్‌లో దాచుకుని, ప్రతిసారీ వాల్యూమ్‌తో కలిపి రాయండి.

మీ దగ్గర బాగుంది, ఇంకో మెషీన్‌లో మబ్బుగా వినిపిస్తోంది

సిడ్ రెండు రకాలు: పాత 6581, తర్వాతి 8580. ఫిల్టర్ రెండింటిలో వేరుగా పనిచేస్తుంది. 6581లోనైతే ఒక చిప్‌కీ ఇంకో చిప్‌కీ కూడా తేడా ఉంటుంది. వాల్యూమ్ రిజిస్టర్‌తో వాయించే శాంపిల్స్ 6581లో గట్టిగా, 8580లో వినీ వినపడనట్టు వస్తాయి. పాట ఏ చిప్ కోసం కట్టారో మొదటి తెర మీదే రాయండి, ఎమ్యులేటర్‌లో రెండూ మార్చి వినండి, వీలైతే ఫిల్టర్ విలువలు రెండు సెట్లు పెట్టండి. చిప్ పీకి ఒకదాని బదులు ఇంకోటి పెట్టే ప్రయత్నం మాత్రం వద్దు. 6581కి 12 వోల్టులు, 8580కి 9 వోల్టులు కావాలి, ఫిల్టర్ కెపాసిటర్లూ వేరు.

బీట్ పడినప్పుడల్లా తెర చిరుగుతోంది

పాటకు తగ్గట్టు తెర ‘డాన్స్’ చేస్తోందంటే మీటర్ పట్టీ చూడండి. కొత్త నోట్లు వచ్చే ఫ్రేములో ప్లేయర్ ఆలస్యంగా ముగిసి, తర్వాతి రాస్టర్ ఇంటరప్ట్‌ని వెనక్కి నెడుతోంది. తేలికైన మార్గం, ప్లేయర్‌ని ఎఫెక్ట్ అయిపోయిన తర్వాత, కింది బోర్డర్‌లో పిలవడం. అక్కడ చోటు లేకపోతే ముందు 53273ని తుడిచి, తర్వాతి లైన్ నంబర్ పెట్టి, సీఎల్ఐ (ఇంటరప్ట్‌లకు దారి తెరిచే ఇన్‌స్ట్రక్షన్) చేసి, అప్పుడు ప్లేయర్‌ని పిలవండి. ఎఫెక్ట్ సమయం రాగానే ప్లేయర్‌ని మధ్యలో ఆపి తన పని చేసుకుని వెళ్తుంది. పాటలో ఆ తేడా చెవికి తెలియదు.

బీట్‌తో పాటు స్ప్రైట్లు (తెర మీద విడిగా కదిలే చిన్న బొమ్మలు) గెంతుతున్నా, స్క్రోల్‌లో చెత్త అక్షరాలు వచ్చినా అది సమయం గొడవ కాదు. ప్లేయరూ మీ కోడూ జీరో పేజీలో (మెమరీలోని మొదటి 256 బైట్‌లలో) ఒకే బైట్‌లను వాడుతున్నాయి, ఎక్కువగా 251 నుంచి 254 మధ్య. ట్రాకర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్లేయర్‌కి వేరే బైట్‌లు ఇవ్వండి.

రంగు పట్టీల అంచు వణుకుతోంది

ప్రాసెసర్ చేతిలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ ముగించాకే ఇంటరప్ట్‌లోకి వస్తుంది. ఇన్‌స్ట్రక్షన్లు 2 నుంచి 7 సైకిళ్లు తీసుకుంటాయి, ఒక సైకిల్ తెర మీద 8 పిక్సెళ్లు. అందుకే అంచు ఫ్రేముకో చోట పడుతుంది.

స్థిరంగా నిలబెట్టడానికి రెండు ఇంటరప్ట్‌ల పద్ధతి వాడండి. మొదటి ఇంటరప్ట్ తర్వాతి లైనుకి రెండోదాన్ని పెట్టి, దారి తెరిచి, వరసగా ఎన్ఓపీలు (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్లు) నడుపుతుంది. ఎన్ఓపీ రెండే సైకిళ్లు కాబట్టి రెండో ఇంటరప్ట్‌కి మిగిలే తేడా ఒక్క సైకిలే. లైన్ మారే క్షణంలో 53266ని చదివి పోల్చి, తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌కే బ్రాంచ్ చేయండి. బ్రాంచ్ తీసుకుంటే 3 సైకిళ్లు, తీసుకోకపోతే 2. ఆ ఒక్క తేడా అక్కడ సరిపోతుంది. స్టాక్‌ని సరిచేసుకోవడం మరవకండి.

అంచు స్థిరంగానే ఉండి ప్రతి ఎనిమిదో లైనులో మాత్రం తప్పితే అది బ్యాడ్‌లైన్. అక్షరాల డేటా తెచ్చుకోవడానికి విక్-2 ఆ లైనులో 40 నుంచి 43 సైకిళ్లు తీసుకుంటుంది, మీకు మిగిలేది 20 చిల్లర. ఆ లైన్లకు వేరే కోడ్ రాయాలి. స్ప్రైట్లు ఉంటే అవీ తమ వాటా తీసుకుంటాయి.

ఎక్కడో సంబంధం లేని లైన్ ఒకటి చేర్చగానే అంతా పక్కకు జరిగిందా? మీ లూప్ 256 బైట్‌ల పేజీ గీత దాటింది, బ్రాంచ్‌కి ఒక సైకిల్ పెరిగింది. టైమింగ్ కోడ్‌నీ దాని టేబుళ్లనీ పేజీ మొదట్లో పెట్టండి.

బొమ్మ ఉండాల్సిన చోట అక్షరాలు

మొదటి వీడియో బ్యాంకులో (విక్-2 చూడగల మెమరీ భాగంలో) 4096 నుంచి 8191 దాకా విక్-2కి ర్యామ్ కనపడదు, అక్షరాల రోమ్ (ROM) చిప్పే కనపడుతుంది. బొమ్మను అక్కడినుంచి తీసేసి, పాటను అక్కడ పెట్టండి. పాటలు చాలా వరకు 4096 దగ్గరే లోడ్ అవుతాయి, విక్-2కి పనికిరాని చోటు పాటకు సరిగ్గా సరిపోతుంది.

భాగం మారేటప్పుడు పాట ఆగిపోతోంది

కెర్నల్ లోడ్ రొటీన్ డిస్క్‌తో మాట్లాడేటప్పుడు మీ ఇంటరప్ట్‌లని ఆపుతుంది. ఇంటరప్ట్‌లతో కలిసి నడిచే లోడర్ కావాలి. 1541 డిస్క్ డ్రైవ్‌లో సొంత 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి, ఈ లోడర్లు తమ కోడ్‌ని అందులోకి పంపి నడిపిస్తాయి. ఇక పాటను రాస్టర్ ఇంటరప్ట్‌లోనూ, లోడ్ చేయడం, డేటా విప్పడం మెయిన్ ప్రోగ్రాంలోనూ ఉంచితే భాగాలు మారుతున్నా పాట తెగదు.

ఎమ్యులేటర్‌లో బ్రహ్మాండం, నిజమైన మెషీన్‌లో క్రాష్

కోడ్ తెరిచే ముందు పవర్ సప్లై చూడండి. మెషీన్‌తో వచ్చిన పాత సప్లైలలో రెగ్యులేటర్ పాడైతే 5 వోల్టుల లైన్ పెరిగిపోయి ర్యామ్ చిప్‌లను కాల్చేస్తుంది. మల్టీమీటర్‌లో 5.25 దాటితే ఆ సప్లైని ఇక వాడొద్దు, కొత్తది తీసుకోండి.

కరెంటు బాగుంటే, విలువ పెట్టకుండా వాడుతున్న బైట్‌ల కోసం వెతకండి. ఆన్ చేసినప్పుడు ర్యామ్‌లో ఏముంటుందో మెషీన్‌కో రకం. సిడ్ రిజిస్టర్లు కూడా మొదట్లో మీరే సున్నా చేయండి. డాక్యుమెంట్ చేయని ఇన్‌స్ట్రక్షన్లు వాడితే, వాటిలో కొన్ని చిప్‌ని బట్టి, వేడిని బట్టి కూడా ఫలితం మారుస్తాయి, వాటిని తీసేయండి.

తెర మొత్తాన్ని అడ్డంగా ఒక్కసారే జరిపే వీఎస్పీ ట్రిక్ వాడుతుంటే అనుమానం దాని మీదే. కొన్ని మెషీన్లలో అది ర్యామ్‌లోని బైట్‌లను చెడగొడుతుంది. చెడేవి 8తో భాగిస్తే 7 మిగిలే అడ్రస్‌లలోనివే అని తేలింది, 2013లో ఆ గొడవ లేకుండా వీఎస్పీ చేసే పద్ధతినీ చూపించారు. ఆ అడ్రస్‌లలో కోడ్ గానీ ముఖ్యమైన డేటా గానీ పెట్టకండి. తప్పనిసరైతే వాటి నకలు వేరే చోట ఉంచి, ప్రతి ఫ్రేములోనూ తిరిగి రాయండి.