కింద ఉన్న నెట్‌ని పై అంతస్తు కంప్యూటర్లకు పంచడం ఎలా

ఇంట్లో నాలుగు కంప్యూటర్లున్నాయని రెండో కనెక్షన్ తీసుకోనక్కర్లేదు. హెచ్‌డీ వీడియో కాల్‌కి 3, 4 ఎంబీపీఎస్ చాలు కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్ నలుగురికి హాయిగా సరిపోతుంది. చిక్కంతా స్లాబు దగ్గరే. కింద హాల్లోని వై-ఫై ఆర్‌సీసీ స్లాబు దాటేసరికి నీరసపడుతుంది, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే మరీను. అప్పుడు చాలామంది రిపీటర్ కొంటారు. చవక రిపీటర్ ఒకే రేడియోతో కింద నుంచి అందుకుని అదే రేడియోతో పైకి అందించాలి కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైకి ఒక లాన్ కేబుల్ లాగి, దాని చివర ఇంట్లో పడి ఉన్న పాత రౌటర్‌ని తగిలించడమే గట్టి పద్ధతి.

ఫైబర్ వాళ్లు బిగించి వెళ్లే డబ్బాను ఓఎన్‌టీ అంటారు. రౌటర్ కూడా చాలావరకు అందులోనే ఉంటుంది. వెనక లాన్ పోర్టులు ఎన్ని ఉన్నాయో, వాటిలో గిగాబిట్‌వి (1000 ఎంబీపీఎస్‌వి) ఏవో ముందు చూసుకోండి. కొన్ని డబ్బాల్లో ఒక్కటే గిగాబిట్ పోర్టు, మిగతావి 100 ఎంబీపీఎస్‌వి. 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి డెస్క్‌టాప్‌లో 95 దాటకపోతే మొదట అనుమానించాల్సింది ఆ పోర్టునే. పోర్టులు చాలకపోతే 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక కేబుల్‌ని చాలా కంప్యూటర్లకు పంచే చిన్న డబ్బా) తెచ్చి తగిలించండి, దానికి సెట్టింగులేమీ ఉండవు.

కేబుల్ క్యాట్6 తీసుకోండి, పూర్తి రాగిది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన రకం ధర తక్కువే గానీ తీగలు క్రింపింగ్ దగ్గర, అంటే చివర ప్లగ్గు నొక్కి బిగించే చోట, పుటుక్కున విరుగుతాయి. ఒక ముక్క కోసి తీగ మీద బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపించేది అదే. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని లాగొద్దు. బయటి గోడ మీదుగా పోతే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు రకం కావాలి. గోడ రంధ్రంలోకి దూర్చేముందు కేబుల్‌ని కాస్త కిందికి వంచితే వాననీరు లోపలికి పారదు. పొడవు 100 మీటర్ల లోపు ఉండాలి, ఇళ్లలో అంత ఎక్కడా రాదు.

కేబుల్ చివర బిగించే ప్లగ్గును ఆర్‌జే45 అంటారు. దాని క్లిప్పు కిందికి, బంగారు పళ్లు పైకి, తీగలు దూర్చే నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండో చివరా ఇదే. గిగాబిట్‌కి 8 తీగలూ కావాలి. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. అందుకే నీలం తీగ ఒకటి విరిగినా చాలాసార్లు నెట్ ఆగదు, నెమ్మదిస్తుందంతే. పోర్టు గిగాబిట్‌దే అయినా కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ 100 అని చూపిస్తుంటే కొనలు కోసి మళ్లీ క్రింప్ చేయండి.

పాత రౌటర్‌ని ఓఎన్‌టీకి కలపకముందే, ఒక లాప్‌టాప్‌ని కేబుల్‌తో దానికి తగిలించి సెట్ చేయాలి. ఓఎన్‌టీ అడ్రస్ 192.168.1.1 అనుకుందాం, జియోఫైబర్ అయితే 192.168.29.1 ఉంటుంది.

1. రౌటర్‌ని రీసెట్ చేసి, అడుగున అంటించిన కాగితం మీది అడ్రస్‌తో సెట్టింగుల్లోకి వెళ్లండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా కింది నెట్‌నే వై-ఫైగా అందించే పద్ధతి) కనిపిస్తే అది ఎంచుకుని వై-ఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి, 2, 3 అంచెల అవసరం లేదు.
2. లేకపోతే లాన్ ఐపీని, అంటే రౌటర్ సొంత అడ్రస్‌ని, 192.168.1.2గా మార్చండి, జియోఫైబర్ అయితే 192.168.29.2గా. ఓఎన్‌టీ పంచే అడ్రస్‌ల శ్రేణిలో ఈ నంబరు ఉండకూడదు. కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ కండి.
3. వై-ఫై వివరాలు పెట్టి, అన్నిటికన్నా చివర డీహెచ్‌సీపీని (కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటును) ఆపండి. ముందే ఆపితే లాప్‌టాప్‌కి ఐపీ రాక మధ్యలో ఇరుక్కుపోతారు.
4. కింది నుంచి వచ్చిన కేబుల్‌ని లాన్ పోర్టులో పెట్టండి. వాన్ పోర్టు (మామూలుగా బయటి నెట్ కేబుల్ పెట్టేది) ఖాళీగా వదిలేయండి.

అలవాటుకొద్దీ వాన్‌లో పెడితే పైన మరో నెట్‌వర్క్ తయారవుతుంది. సైట్లు తెరుచుకుంటాయి, కింది కంప్యూటర్లకు మాత్రం పైనున్న ప్రింటర్ కనబడదు. రెండు డబ్బాలూ 192.168.1.1 మీదే ఉంటే అసలు నెట్టే రాదు.

డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే తెగులు ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఒక లాప్‌టాప్‌కి నెట్ వస్తుంది, పక్కదానికి రాదు, రీస్టార్ట్ చేస్తే అటూ ఇటూ అవుతుంది. ఇద్దరు ఐపీలు పంచుతున్నప్పుడు ముందు జవాబిచ్చినవాడి మాటే చెల్లుతుంది మరి. నెట్ రాని కంప్యూటర్‌లో డీఫాల్ట్ గేట్‌వే (నెట్‌కి దారి చూపే డబ్బా అడ్రస్) చూడండి, 192.168.1.2 ఉంటే దొంగ దొరికినట్టే. ఐపీ 169.254తో మొదలైతే ఎవరూ పంచడం లేదని అర్థం, కేబుల్ చూసుకోండి. ఇల్లంతా ఒక్కసారిగా ఆగిపోయి స్విచ్ లైట్లన్నీ పిచ్చిగా మిణుకుతుంటే ఒకే కేబుల్ రెండు కొనలూ అదే స్విచ్‌లో ఉన్నాయేమో వెతకండి.

వై-ఫై పేరు, పాస్‌వర్డ్ పైనా కిందా ఒకటే పెడితే ఫోన్లు వాటంతటవే మారతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో చానల్ మాత్రం వేరుగా ఉండాలి, కింద 1 పెడితే పైన 6 గానీ 11 గానీ. కదలని డెస్క్‌టాప్‌ని, టీవీని వై-ఫై మీద వదలకుండా కేబుల్‌కి మార్చేయండి.

పైన ఉండేది అద్దెకున్నవాళ్లయితే లెక్క మారుతుంది. వాన్ పోర్టు ద్వారా ఇచ్చినా వాళ్ల వైపు నుంచి మీ నెట్‌వర్క్ కనిపిస్తూనే ఉంటుంది. చవక రౌటర్లలో గెస్ట్ వై-ఫై (బయటివాళ్లకు విడిగా ఇచ్చేది) కూడా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో చాలాసార్లు అడ్డుగోడగా పనిచేయదు. ఓఎన్‌టీలోనే గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే అది వాడండి. కనెక్షన్ మీ పేరున ఉంది కాబట్టి వాళ్లని సొంతది పెట్టించుకోమనడమే నా సలహా.

కరెంటు పోయినప్పుడు ఓఎన్‌టీ, స్విచ్, పై రౌటర్ మూడూ నిలవాలి, ఒక్కటి ఆరినా పైకి నెట్ ఉండదు. ఇన్వర్టర్ లేనివాళ్లు మినీ యూపీఎస్ కొనేముందు ప్రతి అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. యూపీఎస్ ఇచ్చే ఓల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్లేదు. 9 వోల్టుల రౌటర్‌కి 12 వోల్టుల పిన్ను గుచ్చితే డబ్బా కాలిపోవచ్చు.