కువైట్‌లో ఇప్పుడు టైమెంత? లెక్క ఇట్లా కట్టండి

కడపలో నాది రీఛార్జి అంగడి. "అన్నా, కువైట్‌లో ఇప్పుడు టైమెంత?" అని ఎవరో ఒకరు అడగని రోజుండదు. ఫోన్‌లో చూసి చెప్పేయొచ్చు గానీ, లెక్క తెలిస్తే ఏ దేశానికైనా నోటితోనే కట్టొచ్చు.

అన్ని దేశాల గడియారాలకూ మొదలు ఒక్కటే, యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి టైము. దాని లెక్క మొదలయ్యే సున్నా గీత, అంటే భూమి మీద ఉత్తరం నుంచి దక్షిణానికి ఊహించుకున్న రేఖ, లండన్‌లోని గ్రీనిచ్ మీదుగా పోతుంది. 1884లో వాషింగ్టన్ సమావేశంలో దాన్ని ఖాయం చేశారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఆ గీతకు తూర్పున ఉన్నోళ్ల టైము ముందుంటుంది, పడమటివాళ్లది వెనకుంటుంది. మనది ప్లస్ 5:30, అంటే యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. కువైట్, సౌదీ ప్లస్ 3, దుబాయ్ ప్లస్ 4, అమెరికాలోని డల్లాస్ మైనస్ 6.

మన టైములోంచి అయిదున్నర గంటలు తీసేయండి, యూటీసీ వస్తుంది. దానికి అవతలి ఊరి అంకె కలపండి, మైనస్ అయితే తీసేయండి. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అంటే 20:30. అయిదున్నర పోతే 15:00. మూడు కలిపితే 18:00, కువైట్‌లో సాయంత్రం ఆరు. ఇంటి పనికి పోయిన ఆడవాళ్లకు అప్పుడెక్కడ తీరుతుంది! రాత్రి పదికి పని తెమిలిందంటే, ఇక్కడ పన్నెండున్నర దాకా మేలుకోవాల్సిందే. ఎప్పుడూ 24 గంటల లెక్కలోనే కట్టండి, పగలూ రాత్రీ తారుమారు కావు.

చిక్కంతా అమెరికాతోనే. మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. ఆ మధ్యలో డల్లాస్ మైనస్ 5. గల్ఫ్‌కు ఈ బాధ లేదు. తేదీ కూడా చూసుకోవాలి. ఇక్కడ సోమవారం పొద్దున ఆరంటే యూటీసీ 0:30. అందులోంచి ఆరు పోదు కదా, 24 కలిపి తీయండి: 18:30. చలికాలంలో అక్కడింకా ఆదివారం సాయంత్రమే. పుట్టినరోజు ఫోన్లు ఇక్కడే దెబ్బతింటాయి.

మన అయిదున్నర 82.5 డిగ్రీల తూర్పు రేఖది. అది కాకినాడ దగ్గర్లో పోతుంది. కడప దాదాపు 78.8 దగ్గరుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకు పొద్దు పావుగంట ఆలస్యం. నమ్మకం లేకుంటే మిద్దె మీద కట్టె నిలబెట్టి చూడండి, నీడ బాగా పొట్టిగా అయ్యేది ఏడాదిలో ఎక్కువ రోజులు పన్నెండు దాటాకే. ఏప్రిల్ ఆఖర్లో మాత్రం వద్దు, పొద్దు నడినెత్తికొచ్చి కొలవడానికి నీడే దొరకదు.