మూడు తరాలతో కోనసీమ మండువా లోగిలిలో సెలవులు: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

పాత రాజభవనంలో బస అంటే మనకి ముందు గుర్తొచ్చేది హైదరాబాద్ ఫలక్‌నుమా. నిజాం ఉన్న ఆ ప్యాలెస్ 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల అందులో ఇప్పటికీ ఉంది. గోదావరి డెల్టాకి వస్తూ అలాంటి కోటల కోసం వెతక్కండి. ఇక్కడి వైభవం మండువా లోగిలిది. ఇంటి నడిమధ్య ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు, పైన లోపలికి వాలిన పెంకుల కప్పు. వానొస్తే నాలుగు వైపుల నీళ్లూ మండువాలోకే దూకి తూము గుండా బయటికి పోతాయి. ఒకప్పుడు పెద్ద రైతులు, జమీందార్లు టేకు స్తంభాలతో కట్టించుకున్న ఈ ఇళ్లలో కొన్నిటిని వారసులు బాగుచేయించి కుటుంబాలకి అద్దెకిస్తున్నారు.

మూడు తరాలు కలిసి నాలుగు రోజులు గడపడానికి ఇంతకంటే అనువైన కట్టడం నాకు తెలియదు. హోటల్లో తలుపేసుకుంటే ఎవరి గది వాళ్లది. ఇక్కడ ఏ తలుపు తీసినా మండువానే. తాతయ్య పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటే పిల్లలు ఆయన్ని పలకరించకుండా దాటలేరు. కాకపోతే మోకాళ్ల నొప్పులున్న వాళ్లని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇళ్లు కావివి. అందుకే ప్లాన్ పెద్దవాళ్లతో మొదలవ్వాలి.

ముందు మంచం నుంచి బాత్రూమ్‌కి దారి చూడండి

ఫోటోల్లో స్తంభాలు, ఉయ్యాల బల్ల చూసి అడ్వాన్స్ పంపేయకండి. పాత ఇళ్లలో స్నానాల గది, మరుగుదొడ్డి పెరట్లో ఉండేవి. ఇప్పుడు చాలామంది గదికి ఆనించి కట్టించారు, కానీ అన్ని గదులకీ ఉండకపోవచ్చు. ఇంటివాళ్లకి ఫోన్ చేసి సూటిగా అడగండి: “మామ్మ గారు రాత్రి మంచం దిగి బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎన్ని గడపలు దాటాలండీ? కమోడ్ ఉందా? పట్టుకోవడానికి గోడకి రాడ్ ఉందా?” తర్వాత వీధి గుమ్మం నుంచి ఆ గది దాకా నడుస్తూ ఒక వీడియో తీసి పంపమనండి. వీధి అరుగు మెట్లు, గడపల ఎత్తు, నేల నున్నదనం అన్నీ అందులో తెలిసిపోతాయి. వీడియో పంపడానికి వెనకాడే చోటికి పెద్దవాళ్లని తీసుకెళ్లకపోవడమే మంచిది.

పాత పందిరి మంచాలు ఎత్తుగా ఉంటాయి. ఎక్కడానికి ముక్కాలిపీట కావాలేమో కనుక్కోండి. చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే గడపల మీద వేయడానికి చెక్క ఏర్పాటు చేస్తారేమో అడగాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, దోమతెరలు ఇస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. కాలువల దేశం కదా, దోమలు తప్పవు.

పిల్లల వైపు నుంచి చూడాల్సింది నుయ్యి, చెరువు గట్టు, అటక మెట్లు. నూతికి ఇనుప చట్రం లేకపోతే ఆ ఇల్లు వద్దనుకోండి. ఈ విషయంలో సర్దుకుపోవద్దు.

ఇల్లు మొత్తం తీసుకోండి

రెండు మూడు గదులే తీసుకుంటే మిగతా గదుల్లోకి వేరేవాళ్లు దిగొచ్చు. అప్పుడు మండువా మీది కాదు, అది లేకపోతే ఈ ప్రయాణంలో సగం పోయినట్టే. డబ్బు ఎక్కువవుతుందనుకుంటే ఒక రోజు తగ్గించుకోండి కానీ ఇంటిని పంచుకోకండి.

బాత్రూమ్‌కి దగ్గరి గది పెద్దవాళ్లది, పసిపిల్లల తల్లిది దాని పక్కది. పదేళ్లు దాటిన పిల్లలకి సావిట్లో వరసగా పరుపులు వేయించండి, గదుల కంటే అదే వాళ్లకిష్టం. ఖర్చు ఎవరిదన్నది బయల్దేరక ముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తేల్చుకోవాలి. తలకింత అని లెక్క వేస్తే పిల్లలు ఎక్కువున్న వాళ్లకి భారం. కుటుంబానికింత అనుకుని, పెద్దవాళ్ల వాటా అందరూ పంచుకోవడం న్యాయంగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలి

జులై నుంచి సెప్టెంబర్ దాకా గోదావరికి వరదల కాలం. నది పాయల మధ్య ఉన్న లంక గ్రామాలకి దారులు మునుగుతాయి. పులస చేప దొరికేది అప్పుడే అయినా వృద్ధులతో ఆ సాహసం వద్దు. కార్తీక మాసంలో, ముఖ్యంగా సోమవారాల్లో, ద్రాక్షారామం లాంటి పంచారామ శివాలయాల దగ్గర నిలబడే చోటుండదు. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం, అంటే అలంకరించిన ఎత్తయిన ప్రభల మీద దేవుళ్లని మోసుకొచ్చే జాతర, చూసి తీరాల్సిందే. కానీ ఆ రోజుల్లో సొంతూరు వచ్చేవాళ్లతో రోడ్లు నిండిపోతాయి, ఇల్లు కావాలంటే చాలా ముందే మాట్లాడుకోవాలి. హాయిగా తిరగాలంటే సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి చివరి దాకా ఉన్న వారాలు బాగుంటాయి. అయితే మాఘంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణం రోజులు చూసుకుని, ఆ వైపు ప్రయాణం వాటికి తగలకుండా పెట్టుకోండి.

దారి

రైలులో రాజమండ్రిలో దిగి, అందరికీ సరిపడే ఒకే టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి. మూడు కార్లలో వెళితే ఒకరి కోసం ఒకరు ఆగడంతోనే పొద్దు పోతుంది. ధవళేశ్వరం దగ్గర ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పేరున్న మ్యూజియం చూపించండి. 1847లో మొదలుపెట్టి 1852కి ఆయన పూర్తిచేసిన ఆనకట్టే ఈ డెల్టా పచ్చదనానికి మూలం. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. ఈ సంగతి తాతయ్యతో చెప్పించండి, పిల్లలు బోర్డు చదివితే గుర్తుండదు.

రోజుకి ఒక్కటే

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. “ఇంత దూరం వచ్చాం కదా” అని ఒక్క రోజులో ర్యాలి, అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది గుళ్లన్నీ చుట్టేస్తే సాయంత్రానికి పెద్దవాళ్ల కాళ్లు వాచిపోతాయి, పిల్లలు ఏడుస్తారు, మీరు ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. పొద్దున్నే ఒక చోటికి వెళ్లి, ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చేయండి. ర్యాలిలో ఒకే రాతి విగ్రహానికి ముందు విష్ణువు, వెనక మోహిని. దాన్ని తీరిగ్గా చూడాలి. ద్రాక్షారామంలో శివలింగం రెండంతస్తుల ఎత్తుంటుంది, పై భాగానికి పూజ మేడ మీద జరుగుతుంది. మెట్లెక్కలేని వాళ్లని కిందే కూర్చోబెట్టి, తోడు ఒకరుండండి. దిండిలో పడవ ఎక్కేటప్పుడు పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో కళ్లారా చూశాకే కాలు పెట్టండి.

మధ్యాహ్నాలు ఇంటికే వదిలేయండి. భోజనాలయ్యాక మండువా చుట్టూ చాపలు పరిచి అష్టాచెమ్మా, వామనగుంటలు ముందు పెడితే చాలు. ఇలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన మామ్మకి మాటలు వాటంతటవే వస్తాయి. పిల్లలకి ముందే కొన్ని ప్రశ్నలు నేర్పండి: గాదె ఎక్కడుండేది? పురుడు ఏ గదిలో పోసేవారు? వరదొస్తే పశువుల్ని ఎక్కడికి తోలేవారు? ఫోన్‌లో ఆడియో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచండి. కెమెరా ఎదురుగా పెడితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. అడక్కపోతే ఆ సంగతులు వాళ్లతోనే పోతాయి, మళ్లీ చెప్పేవాళ్లుండరు.

తిండి, మందులు

వంట చేసేవాళ్లతో ముందు రోజు రాత్రే మాట్లాడుకోవాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకి చప్పిడి కూర ఒకటి విడిగా చేయమనండి. పొద్దున దిబ్బరొట్టె గానీ, పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు గానీ అడగండి. మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర. రాత్రికి తేలిగ్గా చారన్నం, పెరుగు.

మందులన్నీ ఒకే సంచిలో, ఒకరి బాధ్యతలో ఉండాలి. దగ్గర్లో రాత్రిపూట డాక్టరుండే ఆసుపత్రి ఏదో చేరిన రోజే ఇంటివాళ్లని అడిగి నంబరు రాసుకోండి. అంబులెన్స్‌కి 108. చీకటి పడ్డాక పెరట్లోకి టార్చిలైటు లేకుండా వెళ్లొద్దు, పాములు తిరిగే నేల.

ఇల్లు వాళ్లది

పాత టేకు తలుపులకి మేకులు కొట్టడం, స్తంభాలకి టేపు అంటించడం, దీపాలు కలపకి దగ్గరగా పెట్టడం చేయకండి. దేవుడి గదిలోకి అడిగి వెళ్లండి.

తిరుగు ప్రయాణం రోజున ఇంకే చూపులూ పెట్టుకోకుండా భోంచేసి బయల్దేరితే సరిపోతుంది. పూతరేకులు ఆత్రేయపురంలో ఆ రోజే కొనండి, ముందే కొంటే నలిగిపోతాయి. అట్టపెట్టె కన్నా గట్టి డబ్బాలో పెట్టించి, సామాన్ల కింద పడకుండా ఒళ్లో పట్టుకునే పని పిల్లల్లో ఒకరికి అప్పజెప్పండి.