ఇరుక్కున్న కొమ్మ దగ్గరే ప్రమాదం: ష్రెడర్ కొనేముందు, నడిపేముందు జాగ్రత్తలు

తోటలో కొమ్మల కత్తిరింపుల కాలం రాబోతుందనగా ష్రెడర్ (కొట్టేసిన కొమ్మల్నీ ఆకుల్నీ ముక్కలు చేసే యంత్రం) కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అని. అడగాల్సిన ప్రశ్న అది కాదు, ‘లోపల కొమ్మ ఇరుక్కుంటే ఎలా తీయాలి?’ అని. యంత్రం సాఫీగా తిరుగుతున్నంతసేపూ చేతులు బయటే ఉంటాయి. అది ఆగిపోయినప్పుడే, చిరాకులో, చెయ్యి లోపలికి పోతుంది. తక్కువగా ఇరుక్కునేది, ఇరుక్కున్నా తేలిగ్గా తెరుచుకునేది మంచి యంత్రం. మిగతా లెక్కలన్నీ ఆ తరవాతే.

ముందు మీ కుప్పను కొలవండి

కొట్టేసిన కొమ్మల మొదళ్లను టేపుతో కొలిచి చూడండి. ఎక్కువ భాగం 30 మిల్లీమీటర్ల లోపే ఉంటే మామూలు కరెంటు ష్రెడర్ చాలు. పెట్టె మీద 40 అనో 45 అనో రాసి ఉండే అంకె పచ్చిగా, తిన్నగా, మెత్తగా ఉన్న కొమ్మకే వర్తిస్తుంది. చేవదేరినది, ఎండినది, కణుపులున్నది అయితే ఆ అంకెలో సగమే నమ్మండి. నాలుగైదు లావు కొమ్మల కోసం పెద్ద యంత్రం కొనడం దండగ. వాటిని రంపంతో కోసి పొయ్యికి పక్కన పెట్టుకోవచ్చు.

లావు ఎంత ముఖ్యమో ఆకు ఎంతుందన్నదీ అంతే ముఖ్యం. ఏ రకం యంత్రం కావాలో తేల్చేది అదే.

బ్లేడు రకంలో ఒక పళ్లెం మీద రెండు మూడు కత్తులుంటాయి. అది నిమిషానికి కొన్ని వేల సార్లు తిరుగుతుంది. ఆకులూ సన్నరెమ్మలూ కలిసిన చెత్తను వేగంగా తరుగుతుంది. కానీ చప్పుడు చాలా ఎక్కువ, చెవులకు కవచం లేకుండా దగ్గర నిలబడకూడదు. కొమ్మను తనంతట తాను లాక్కోదు కాబట్టి మీరే నెట్టాలి. లావు కొమ్మ పెడితే అది చేతిలో అదిరిపోతుంది. చిన్న రాయి తగిలినా కత్తి అంచు విరుగుతుంది.

రోలర్ రకంలో పళ్లున్న డ్రమ్ము నిమిషానికి సుమారు 40 సార్లే, నింపాదిగా తిరుగుతుంది. ఎదురుగా ఉన్న పలకకు కొమ్మను నొక్కి, నలిపి తుంచుతుంది. ఒకసారి పట్టుకుంటే తనే లోపలికి లాక్కుంటుంది. చప్పుడు బాగా తక్కువ. వెనక్కి తిప్పే మీట ఉంటుంది కాబట్టి ఇరుక్కున్న కొమ్మ చాలాసార్లు ఆ మీటతోనే బయటికొస్తుంది. కొయ్య కొమ్మలే ఎక్కువగా ఉన్నవాళ్లకు మా ఓటు దీనికే. దీని బలహీనత మెత్తటి పచ్చికాడలు. అవి తెగకుండా చదునై, పీచులా వేలాడుతూ వస్తాయి. తడి ఆకులు ఒక్కటే వేస్తే ముద్దకట్టి డ్రమ్ముకు అతుక్కుంటాయి.

పెట్రోలు యంత్రాలు ఇంకా లావు కొమ్మల్ని తింటాయి. కానీ పొగ, బరువు, నిర్వహణ అన్నీ పెరుగుతాయి. కరెంటు అందని పెద్ద తోటలకు తప్ప అక్కర్లేదు. షెడ్డులోపల మాత్రం ఎప్పుడూ నడపకూడదు, ఆ పొగ ప్రాణాంతకం.

కొనేచోట చూడాల్సినవి

కొమ్మలు వేసే గరాటులో ప్లగ్గు పెట్టని యంత్రం ముందే చెయ్యి పెట్టి చూడండి. వేళ్లు కత్తి దాకా అందితే ఆ యంత్రం వద్దు. మూతి మరీ సన్నని చీలికలా ఉంటే పంగలున్న కొమ్మల్ని ఒక్కొక్కటీ విడగొట్టుకోవాలి, సగం రోజు దానికే పోతుంది.

గరాటు విప్పడానికి ఎన్ని మరలు తిప్పాలో చూడండి. చేత్తో తిప్పే పెద్ద పిడి ఒకటే ఉంటే మంచిది. ఆ పిడి వదులు చేయగానే మోటారు ఆగిపోవాలి. ముక్కలు పడే పెట్టె సరిగ్గా కూర్చోకపోతే యంత్రం మొదలు కాని మోడళ్లూ ఉన్నాయి, అవి ఇంకా మేలు. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగకూడదు, మళ్లీ మీట నొక్కితేనే కదలాలి. ఈ ఏర్పాటు లేనిది ఎంత చవకైనా తీసుకోవద్దు.

మోటారు రేటింగు పట్టీ మీద ‘ఎస్6, 40 శాతం’ అని ఉంటే, పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు పూర్తి భారంతో, ఆరు నిమిషాలు ఖాళీగా తిరిగేలా దాన్ని తయారుచేశారని అర్థం. రెండు యంత్రాల వాట్లు పోల్చేటప్పుడు ఈ గుర్తు కూడా చూడాలి. ఒకే 2,500 అంకె రెండింటి మీదా ఉన్నా, ‘ఎస్1’ అని ఉన్నది అదే భారంతో ఆగకుండా పనిచేయగలదు.

విడి కత్తులు దొరుకుతాయో లేదో కొనకముందే అడగండి.

కరెంటు దగ్గర

230 వోల్టుల మీద 2,500 వాట్ల మోటారు దాదాపు 11 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లకూ లైట్లకూ వాడే చిన్న సాకెట్ దీనికి పనికిరాదు, 16 ఆంపియర్లది కావాలి. ఎక్స్‌టెన్షన్ వైరు 25 మీటర్ల లోపు అయితే 1.5 చదరపు మిల్లీమీటర్లది, అంతకు మించితే 2.5ది వాడండి. సన్న వైరులో వోల్టేజి పడిపోతుంది. మోటారు బలం తగ్గి కొమ్మ ఇరుక్కుంటుంది, నింద యంత్రం మీద పడుతుంది. వైరును చుట్ట మీద ఉంచి వాడితే వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పేయాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ తప్పనిసరి. వానలోనూ తడి గడ్డి మీదా నడపవద్దు.

లోపలికి వెళ్లకూడనివి

కట్టుతీగలు, మేకులు, మట్టి అంటిన వేళ్లు. రోజుల తరబడి పడి ఉన్న కుప్పలో పాములూ తేళ్లూ చేరి ఉండొచ్చు. చేత్తో కాకుండా కర్రతో విడదీయండి.

తాటి, కొబ్బరి ఆకుల పీచు ఇరుసుకు చుట్టుకుంటుంది. ముదిరిన వెదురు కత్తి అంచును తినేస్తుంది. జిల్లేడు లాంటి పాలుకారే మొక్కల రసం కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. గన్నేరు విషం, దాన్ని పక్కన పెట్టేయాలి. తెగులు పట్టిన కొమ్మల ముక్కల్ని మొక్కల మొదట్లో వేయవద్దు.

కొమ్మల్ని కొట్టిన కొద్దిరోజుల్లోనే వేయడం మంచిది. ఎండేకొద్దీ గట్టిపడతాయి, మోటారు తరచూ ట్రిప్ అవుతుంది.

నడిపేటప్పుడు

కళ్లద్దాలు, చెవి కవచం, గట్టి బూట్లు. చేతికి బిగుతుగా సరిపోయే తొడుగులే వేసుకోవాలి, వదులు అంచులున్నవి కొమ్మకు చిక్కి చేతిని లాగుతాయి. చున్నీ, కండువా, మెడలో గొలుసు, విడిచిన జుట్టు వద్దు. చీర కట్టుకున్నవాళ్లు కొంగు దోపుకోవడం చాలదు, బట్టలు మార్చుకోవాలి. పిల్లల్నీ జంతువుల్నీ దూరంగా ఉంచండి.

యంత్రాన్ని చదునైన మట్టి నేల మీద నిలపండి. కంకర మీద పెడితే బయటికి పడే ముక్కలు రాళ్లను ఎగరగొడతాయి. గరాటు ఖాళీగా ఉందని చూసి మొదలుపెట్టండి, పూర్తి వేగం అందుకున్నాకే కొమ్మ పెట్టండి. ఎదురుగా నిలబడకండి, పక్కగా ఉండండి. మొదలు వైపు ముందుగా పెట్టి, పట్టు దొరకగానే వదిలేయండి, కొస గిరగిరా తిరిగి ముఖానికి కొడుతుంది. చిన్న ముక్కల్ని చేత్తో నెట్టవద్దు, యంత్రంతో ఇచ్చిన తోపుడు పలకనో పొడుగాటి కొమ్మనో వాడండి. ఆకుచెత్త వేసేటప్పుడు మధ్యమధ్య ఒక గట్టి పుల్ల వేస్తుంటే లోపలి ముద్ద ఊడి బయటికొస్తుంది. పెట్టెను నిండేదాకా ఉంచకుండా ముందే ఖాళీ చేయండి. మూతి మూసుకుంటే ముక్కలు వెనక్కి తన్ని కత్తుల దగ్గర బిగుసుకుంటాయి.

ఇరుక్కుంటే

మొదట మీట ఆపండి. రోలర్ రకమైతే అది పూర్తిగా ఆగాక వెనక్కి తిప్పి, ఒకటి రెండుసార్లు ప్రయత్నించండి. మోటారు వేడెక్కి తనే ఆగిపోయి ఉంటే చల్లారనివ్వండి, వెంటవెంటనే మీట నొక్కితే లోపలి తీగచుట్ట (వైండింగు) కాలుతుంది.

అప్పటికీ రాకపోతే ప్లగ్గు తీయాలి. మీట ఆపడం ఒక్కటే సరిపోదు. తీసిన ప్లగ్గును మీ కళ్ల ముందే ఉంచుకోండి, ఇంకొకరు వచ్చి పెట్టేయగలరు. పెట్రోలుదైతే స్పార్క్ ప్లగ్గు టోపీ ఊడదీయండి. బ్లేడు రకంలో కత్తులు కరెంటు తీశాక కూడా కొన్ని సెకన్లు తిరుగుతాయి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా పిడి ముట్టుకోవద్దు. తరవాత గరాటు విప్పి, కర్రతో ముద్దను ఊడదీయండి. బిగిసిన కొమ్మను లాగేటప్పుడు కత్తి పళ్లెం ఒక్కసారిగా కదులుతుంది, కరెంటు లేకపోయినా వేలు తెగుతుంది.

ఊరికే పదేపదే ఇరుక్కుంటుంటే కారణం వెతకాలి. బ్లేడు రకంలో కత్తులు మొద్దుబారి ఉంటాయి. ముక్కల కొసలు నునుపుగా కాకుండా చీలికలుగా వస్తుంటే అదే గుర్తు. చాలా కత్తులకు రెండు వైపులా అంచు ఉంటుంది, తిప్పి బిగించుకోవచ్చు. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చాలి. ఒకటి బరువు, ఒకటి తేలిక అయితే పళ్లెం అదురుతుంది, అదురు బోల్టుల్ని వదులు చేస్తుంది.

రోలర్ రకంలో ముక్కలు విడిపోకుండా గొలుసులా వేలాడుతుంటే పలక దూరం జరిగిందని అర్థం. చాలా మోడళ్లలో యంత్రం ఖాళీగా తిరుగుతుండగా సర్దుబాటు పిడిని కొద్దికొద్దిగా తిప్పాలి. కింద సన్నని అల్యూమినియం రజను రాలగానే ఆపేయండి, ఇంకా తిప్పితే పలక ఊరికే అరిగిపోతుంది.