కొలెస్ట్రాల్, హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ రిపోర్టులను సరిగ్గా చదవడం ఎలా?

గుండె జబ్బు ముప్పు తెలుసుకోవడానికి రక్తంలోని కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు, రక్తనాళాల్లో ఇన్‌ఫ్లమేషన్ అనే వాపు ప్రక్రియను పట్టిచ్చే హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ పరీక్ష కూడా చేయించుకునేవారు పెరిగారు. కానీ రిపోర్టు చేతికి రాగానే హద్దు దాటాయని లావు అక్షరాల్లో అచ్చయిన అంకెలను మాత్రమే చూసి హడలిపోయేవారు, అలాంటి అంకె ఒక్కటీ లేదని నిశ్చింతగా కాగితం మడిచి బీరువాలో పెట్టేసేవారు చాలామంది. ఇద్దరూ చేసేది తప్పే. ఏళ్ల తరబడి ల్యాబ్‌లో ఈ రిపోర్టులు పరిశీలించి సంతకం చేసినవాడిగా, వాటిని ఏ క్రమంలో చదవాలో చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ అంకెలు ముప్పు ఎంతో చెబుతాయి గానీ, ఏ నాళంలో ఎంత శాతం పూడిక ఉందో చెప్పవు. పూడిక సంగతి యాంజియోగ్రామ్‌లో, గుండె కండరం దెబ్బతిన్న సంగతి ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్షల్లో తేలుతుంది. ఛాతీలో బరువుగా ఉన్నా, నొప్పి చేతికి గానీ దవడకు గానీ పాకుతున్నా, చెమటలు పట్టి ఆయాసం వస్తున్నా లిపిడ్ ప్రొఫైల్ కోసం ల్యాబ్‌కు వెళ్లకూడదు, 108కి ఫోన్ చేయాలి.

మొదటి పని: రక్తం ఇవ్వడం

ఇందులో పెద్దగా చెప్పవలసింది లేదు. రాత్రి భోజనం త్వరగా ముగించి, 10 నుంచి 12 గంటల తర్వాత పరగడుపున, ప్రతిసారీ అదే ల్యాబ్‌లో రక్తం ఇవ్వండి. మంచినీళ్లు తాగవచ్చు. లిపిడ్ ప్రొఫైల్‌కు పరగడుపు తప్పనిసరి కాదని యూరోపియన్ అథెరోస్క్లెరోసిస్ సొసైటీ 2016లోనే చెప్పిన మాట నిజమే. అయినా పోయినసారి పరగడుపున, ఈసారి టిఫిన్ తర్వాత ఇస్తే, తిన్నాక పెరిగే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుల అంకెలను పక్కపక్కన పెట్టి చూడలేం కాబట్టి పరగడుపే పాటించాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే చేయి చాపకుండా పది నిమిషాలు కూర్చోండి. నరం దొరకక చేతికి కట్టిన పట్టీని నిమిషం దాటి అలాగే ఉంచితే కొలెస్ట్రాల్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, దాన్ని ఒకసారి విప్పి మళ్లీ కట్టమని అడగడానికి మొహమాటపడకండి.

రెండో పని: నాన్‌-హెచ్‌డీఎల్ లెక్క

మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను తీసేయండి. మిగిలినదే నాన్‌-హెచ్‌డీఎల్, నాళాల గోడల్లోకి చేరి పేరుకునే కణాలు మోసే కొలెస్ట్రాల్ అంతా ఇందులోకే వస్తుంది. ఉదాహరణకు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 240 ఉన్నాయనుకుందాం. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి నాన్‌-హెచ్‌డీఎల్‌లోంచి తీసివేసే ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 128 వస్తుంది. ల్యాబ్ హద్దు 130 అయితే అక్కడ ఏ గుర్తూ పడదు. నాన్‌-హెచ్‌డీఎల్ మాత్రం 176, అది ఎక్కువే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉండే ఈ పోలిక దక్షిణాసియా వారిలో తరచుగా కనిపిస్తుంది. అందుకే ఎల్‌డీఎల్ కంటే ముందు నాన్‌-హెచ్‌డీఎల్ చూడాలంటాను. దీనికి విడిగా పరీక్ష అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, భోజనం చేసి వచ్చినా పెద్దగా మారదు. చాలా రిపోర్టుల్లో అడుగున అచ్చయ్యే మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ నిష్పత్తిని పట్టించుకోవద్దు. హెచ్‌డీఎల్ కొంచెం ఎక్కువగా ఉన్న మనిషిలో ఆ నిష్పత్తి అందంగా కనిపించి, చెడు కొలెస్ట్రాల్ ఎంతుందో కప్పేస్తుంది. చికిత్స లక్ష్యాలు కూడా ఎల్‌డీఎల్, నాన్‌-హెచ్‌డీఎల్ అంకెల్లోనే ఉంటాయి.

ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం 1972 నాటిది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే అది పనికిరాదు. అప్పుడు నేరుగా కొలిచిన ఎల్‌డీఎల్ కావాలని అడగాలి.

ఇక ల్యాబ్ అచ్చువేసే హద్దు అందరికీ ఒకటే, మీ హద్దు మీ ముప్పును బట్టి ఉంటుంది. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు ముప్పు ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, షుగరు, బీపీ వంటివి ఉండి ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు, గుండెపోటు వచ్చినవారి వంటి అత్యధిక ముప్పు వర్గానికి 55 లోపు ఉండాలి. స్టెంట్ వేయించుకున్న మనిషి 95 చూసుకుని ‘నార్మలే’ అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించండి. గుండెపోటు వచ్చి ఒక రోజు గడిచాక తీసిన రక్తంలో ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది, కొన్ని వారాలు అలాగే ఉండవచ్చు కూడా. డిశ్చార్జి కాగితంలోని అంకెను చూసి కొలెస్ట్రాల్ మాత్ర అక్కర్లేదని తేల్చుకోకండి.

మూడో పని: హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ

పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఇకపై నిదానంగా చదవండి.

ముందు మీకు చేసింది ఏ పరీక్షో చూడండి. ఇన్ఫెక్షన్లను పట్టుకోవడానికి చేసే మామూలు సీఆర్‌పీ వేరు, అతి స్వల్ప మోతాదులను కొలిచే హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ వేరు. చిన్న ల్యాబుల్లో గాజు పలక మీద చుక్క వేసి తిప్పి చూసే పరీక్షలో లీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు ఉంటే ‘నెగటివ్’ అని రాస్తారు. గుండె విషయంలో మనకు కావలసింది 1కీ 3కీ మధ్య ఉన్న తేడా. ఆ తేడా ఆ పలక మీద కనిపించదు. ఎర్ర రక్తకణాలు ఎంత వేగంగా అడుగుకు చేరుతాయో చూసే ఈఎస్‌ఆర్ కూడా దీనికి బదులు కాదు, రక్తహీనత ఉన్నా అది పెరుగుతుంది.

తర్వాత ప్రమాణం చూడండి. హెచ్‌ఎస్‌-సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో చదవాలి. కొన్ని రిపోర్టుల్లో డెసిలీటరుకు ఇస్తారు. అక్కడ 0.4 అని ఉంటే నిజానికి అది 4. దాన్ని ఒకటి లోపే కదా అని చదివితే ఎక్కువ ముప్పు కాస్తా తక్కువ ముప్పు అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, రక్తం ఇచ్చిన సమయం. శరీరంలో ఎక్కడ వాపు పుట్టినా ఇంటర్‌ల్యూకిన్‌-6 అనే రసాయనం ఇచ్చే సంకేతంతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. ఆ వాపు గుండె నాళంలో ఉందా, పంటి చిగురులో ఉందా అన్న వివేచన దానికి లేదు. జ్వరం, దగ్గు, చీము పట్టిన పన్ను, కాలికి తగిలిన గాయం, ఆపరేషన్, టీకా, చికున్‌గున్యా వచ్చిపోయాక మిగిలిన కీళ్ల నొప్పులు, వీటిలో ఏది ఉన్నా అంకె అమాంతం పైకి లేస్తుంది. జ్వరం తగ్గిన వారానికే హెల్త్ చెకప్ ప్యాకేజీలో రక్తం ఇచ్చి, 14 అని చూసి, గుండెకు ఏదో అయిపోయిందని కుటుంబమంతా నిద్ర మానుకున్న సందర్భాలు ఎన్నో చూశాను. ఒంట్లో ఏ బాధా లేకుండా కనీసం మూడు వారాలు గడిచాకే ఈ పరీక్షకు వెళ్లాలి. ప్యాకేజీలో తేదీ ఖరారైపోయిందన్నది కారణం కాదు, తేదీ మార్చుకోండి.

ఒక్కసారి చేయించి ఊరుకోకూడదు. ఒకే మనిషిలో హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ ఊగినంతగా కొలెస్ట్రాల్ ఊగదు. రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు తీయాలి: మొదటిసారి 2.8, రెండోసారి 1.6 వస్తే 2.2గా రాసుకోండి. 10 దాటితే ఆ అంకెను గుండె లెక్కలోంచి తీసేసి, కారణం వెతికి, తగ్గాక మళ్లీ చేయించాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2003లో చెప్పిన పద్ధతి ఇదే; 1 లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 వరకు మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అన్న విభజన కూడా వాటిదే.

స్థూలకాయం, పొగతాగడం, చిగుళ్ల జబ్బు, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు, గర్భం కూడా ఈ అంకెను పెంచుతాయి. కీళ్లవాతం ఉన్నవారిలో ఇది గుండె సంగతి విడిగా చెప్పలేదు, అయితే ఆ జబ్బు వల్ల గుండెకు ముప్పు పెరుగుతుందన్నది వాస్తవం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు సీఆర్‌పీని తగ్గిస్తాయి కాబట్టి, రక్తం ఇచ్చిన నాటికి ఏ మాత్ర ఎంత మోతాదులో వేసుకుంటున్నారో రిపోర్టు మీదే రాసుకోండి.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకంటే, సరిగ్గా తీసిన అంకెకు నిజంగా విలువ ఉంది. 2008లో ఫలితాలు వెలువడిన జూపిటర్ అధ్యయనంలో ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి, హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ 2 లేదా అంతకు మించి ఉన్న 17,802 మందిని తీసుకున్నారు. రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర ఇచ్చినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు 44 శాతం తగ్గాయి. అయితే ఆ మాత్ర ఎల్‌డీఎల్‌నూ తగ్గించింది కాబట్టి ఏది పనిచేసిందన్న ప్రశ్న మిగిలింది. 2017లో వచ్చిన కాంటోస్ అధ్యయనంలో కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపు ప్రక్రియను మాత్రమే అణచే కనకినుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చినా, 150 మిల్లీగ్రాముల మోతాదులో అలాంటి ఘటనలు 15 శాతం తగ్గాయి. వాపు ప్రక్రియకు గుండె జబ్బులో సొంత పాత్ర ఉందని అలా రుజువైంది. అంతమాత్రాన సీఆర్‌పీ తక్కువగా ఉంది కదా అని ఎల్‌డీఎల్ 170ని ఉపేక్షించకూడదు. సీఆర్‌పీ 5 ఉన్నవారికి సీఆర్‌పీ 2 ఉన్నవారికంటే పెద్ద పూడిక ఉందని కూడా అనుకోకూడదు.

చివరి పని: డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లడం

ఒకే కాగితం మీద తేదీ, నాన్‌-హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌ఎస్‌-సీఆర్‌పీ సగటు, బీపీ, షుగరు, వేసుకుంటున్న మాత్రలు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారి వివరాలు రాసి తీసుకెళ్లండి. లైపోప్రొటీన్‌-ఎ పరీక్ష ఎప్పుడూ చేయించుకోకపోతే ఒక్కసారి చేయించమని అడగండి. అది కొలెస్ట్రాల్ మోసే మరో రకం కణం, వారసత్వంగా వచ్చేది, వయసుతో పెద్దగా మారదు. ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉంటే థైరాయిడ్ పరీక్ష కూడా అడగాలి. మాత్ర మొదలుపెట్టినా, మోతాదు మార్చినా 4 నుంచి 12 వారాల మధ్య లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించండి. అప్పుడు కనిపించే మంచి అంకె మాత్ర వేసుకుంటున్నందువల్ల వచ్చినది. డాక్టర్ చెప్పకుండా మాత్ర మానేస్తే కొన్ని వారాల్లోనే పాత అంకె తిరిగి వస్తుంది.